మందు మగత: మొదటి నెల గడిచే దారి

“ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖ మెరుగదు” అన్నారు పెద్దలు. అలసి వచ్చిన వానికి కటికనేలయినా పట్టుపరుపే. నిద్ర పట్టడం భాగ్యమనీ, పట్టకపోవడం బాధ అనీ మన మందరమూ ఎరిగినదే. కాని కోరకుండా, వేళ కాని వేళ వచ్చి, కూర్చున్నచోటనే రెప్పలు వాల్చివేసే నిద్ర మరొకటి ఉన్నది. మనసుకు సంబంధించిన జబ్బులకు కొత్తగా మందు మొదలుపెట్టిన వారికి అది బాగా తెలుసు. దానిని నిద్ర అనడం కంటె మగత అనడం సబబు.

అటువంటి ఇంట మొదటివారం ఎలా గడుస్తుందో ఊహించడం కష్టం కాదు. నెలరోజులుగా కంటికి కునుకు లేక, తనలో తాను మాట్లాడుకుంటూనో, మూల కూర్చొని కన్నీరు కారుస్తూనో ఉన్న మనిషిని ఎట్లాగో ఒప్పించి డాక్టరు దగ్గరకు తీసుకుపోతారు. ఆయన చీటీ వ్రాసి ఇస్తాడు. ఆ రాత్రి మాత్ర వేసుకొని పడుకున్న మనిషి మర్నాడు పది గంటలదాకా లేవడు. “పాపం, ఇన్నాళ్ళకు కన్నుమూసింది, పడుకోనీయండి” అని ఇంటివారు సంతోషిస్తారు. లేచిన తరువాత నోరు ఎండిపోయి ఉంటుంది, తల దిమ్ముగా ఉంటుంది, నాలుక మందమై మాట సాగదు. మూడోనాటికి ఇంటివారికి విసుగు మొదలవుతుంది. అయిదోనాటికి “ఇది వైద్యమా, మత్తుమందా?” అన్న ప్రశ్న పుడుతుంది. వారం తిరగకముందే మాత్రలు అలమర వెనక్కు చేరుతవి. ఆ సంగతి ఎవరికీ చెప్పరు. డాక్టరుకు అసలే చెప్పరు.

మానసిక వైద్యంలో ఎన్నో మంచి మందులు ఇట్లా మొదటి పది పదిహేను రోజుల్లోనే ఓడిపోతున్నవి. మందులో బలం లేక కాదు. ఆ రోజులు ఎలా గడపాలో చెప్పేవారు లేక. ఆ సంగతే నాలుగు మాటల్లో మనవి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆసుపత్రి బాధ్యత ఇంటికి వచ్చింది

మన నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ సంస్థానపు పిచ్చాసుపత్రి ఒకప్పుడు మన మన్మాడ్ లైనులోనే, జాల్నాలో ఉండేది. 1953లో దానిని హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలించారు. ఆ రోజుల్లో మనసు చెదిరిన మనిషిని అక్కడ దింపి రావడమంటే దాదాపు వదలుకొని రావడమే. రోగి నిద్రపోతున్నాడో, మేలుకొన్నాడో చూసుకునే భారం వార్డు నౌకర్లది. ఇంటివారికి ఆ బాధ కనిపించేది కాదు.

ఇప్పుడు కాలం మారింది. విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల వంటిచోట డాక్టరుకు చూపించుకొని, మందులు తీసుకొని, సాయంకాలానికి దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు బస్సులెక్కి ఇల్లు చేరవచ్చు. చాలామంది రోగులు ఆసుపత్రిలో ఒక్కరాత్రి కూడా ఉండకుండానే బాగుపడుతున్నారు. ఇది ఎంతో మంచి మార్పు. అయితే పూర్వం వార్డులో జరిగిన పని ఇప్పుడు మన వంటింట్లో, మన వసారాలో జరుగుతున్నది. మందు మత్తును కనిపెట్టి చూడవలసినవారు తల్లి, భార్య, భర్త, తమ్ముడు. వారికి ఆ మత్తు సంగతి తెలియకపోతే ఎట్లా?

ఈ నిద్ర ఎక్కడి నుంచి వచ్చింది?

పూర్వం ఉన్మాదానికి చికిత్స అంటే నిద్రపుచ్చడమే. పాశ్చాత్య దేశాలలో బ్రోమైడులూ, బార్బిట్యురేట్లూ ఇచ్చి రోజుల తరబడి రోగిని నిద్రలో ఉంచేవారు. మన దేశంలో సర్పగంధ వేరు వాడుక ఉన్నది. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు 1931లోనే ఆ వేరు ఉన్మాదాన్నీ, రక్తపోటునూ తగ్గిస్తుందని వ్రాశారు. 1952లో స్విట్జర్లండులో దానినుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. కొంతమందికి దానివల్ల తీవ్రమైన దిగులు కలుగుతుందని గ్రహించిన తరువాత, మెరుగైన మందులు వచ్చిన తరువాత, మనోవైద్యంలో దాని వాడుక తగ్గిపోయింది.

అదే 1952లో పారిస్‌లోని సెంట్‌ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రొమజిన్ అనే కొత్త మందును ఉన్మాద రోగులకు ఇచ్చి ఆశ్చర్యకరమైన ఫలితం చూశారు. ఈ మందు పుట్టుక తెలిస్తే మన మగత రహస్యం సగం తెలిసినట్లే. అది దద్దుర్లకూ, జలుబుకూ వాడే మందుల వంశంలో పుట్టింది. ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం ఒకటి ఉన్నది. అది చర్మంలో దురద పుట్టిస్తుంది, ముక్కు కార్పిస్తుంది. మెదడులో మాత్రం మనిషిని మేలుకొలిపి ఉంచుతుంది. జలుబుకు అవిల్ మాత్ర వేసుకున్నవారు మధ్యాహ్నమంతా తూగడం మన మెరిగినదే కదా! ముక్కులో పనిచేసినట్లే ఆ మాత్ర మెదడులోనూ హిస్టమిన్‌ను అడ్డుతుంది, మేలుకొలుపు ఆగిపోతుంది. క్లోర్‌ప్రొమజిన్‌కూ, ఆ తరువాత వచ్చిన ఒలాంజపిన్, క్వెటయపిన్, క్లోజపిన్‌లకూ, దిగులు జబ్బుకిచ్చే అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్‌లకూ ఈ గుణం బాగా ఉన్నది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గ్రహించాలి. 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ అనే మందు తయారయింది. దానికి నిద్రపుచ్చే గుణం తక్కువ. అయినా లేనిపోని మాటలు వినబడడం, ఉత్త అనుమానాలు పుట్టడం వంటి లక్షణాలను అది బాగా అణచివేసింది. దీనిని బట్టి తేలిందేమిటి? జబ్బును నయంచేసే గుణం వేరు, నిద్ర తెచ్చే గుణం వేరు. రెండూ ఒకే మాత్రలో కలిసి ఉండవచ్చు గాని రెండూ ఒకటి కావు.

“అవి ఉత్త నిద్రమాత్రలండీ, పడుకోబెట్టి పంపిస్తారు, అంతే” అని ఇరుగుపొరుగు అనే మాటకు ఇదే జవాబు. నిద్ర మందు చేసే అసలు పని కాదు. పనితోపాటు వచ్చే భారం. నెలల తరబడి నిద్రలేని మనిషికి మొదటి రోజుల్లో ఆ భారం కూడా కొంత మేలే చేస్తుంది. తరువాత దానిని తగ్గించుకునే ఉపాయాలు ఉన్నవి.

ఖర్చు ముందు, పంట వెనుక

పత్తి వేసే రైతును అడగండి. విత్తనం ఖర్చు, ఎరువుల ఖర్చు జూన్‌లోనే. పంట ఇంటికి వచ్చేది దసరా దాటిన తరువాత. ఈ మందుల లెక్కా అటువంటిదే. మగత మొదటి రాత్రే వచ్చేస్తుంది. గుణం మాత్రం మెల్లగా కనిపిస్తుంది. దిగులు జబ్బు మందులకు సాధారణంగా రెండు మొదలు నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు ఆరు వారాలు పడుతుంది. ఉన్మాదపు మందులు మొదటి రెండు వారాలలో కొంత గుణం చూపినా, పూర్తి ఫలితానికి ఇంకా కొన్ని వారాలు కావాలి.

మరి మగత సంగతి? శరీరం దానికి క్రమంగా అలవాటు పడుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాలు గడిచేసరికి తీవ్రత తగ్గుతుంది. కొందరికి నెల పడుతుంది. అంటే మగత ఎక్కువగా, గుణం తక్కువగా ఉండే రోజులు ఆ మొదటి కొద్ది వారాలే. సరిగ్గా అప్పుడే మనిషి మందు మానివేస్తాడు. ఖర్చంతా పెట్టి, మొలక కనిపించేవేళ చేను దున్నివేసినట్లవుతుంది.

కొద్దిమందికి మాత్రం నెల దాటినా మగత తగ్గదు. వారు దానిని తలరాత అని భరించవలసిన పని లేదు. మోతాదు మార్చడానికీ, తక్కువ మగత కలిగించే మందుకు మారడానికీ వైద్యంలో వీలున్నది. కాని ఆ మార్పు చేయవలసినది డాక్టరు. హఠాత్తుగా మానివేస్తే నిద్ర చెడిపోవడం, వాంతులు, కంగారు కలగడం కద్దు. కొన్ని నిద్రమాత్రలను ఒక్కసారిగా ఆపితే మూర్ఛ కూడా రావచ్చు. అన్నిటికంటె మించి పాతజబ్బు తిరగబెడుతుంది.

పూటలు సర్దుకోవడం

మగతతో వేగే ఉపాయాలలో మొదటిది వేళను సర్దుకోవడం. ఈ మందులలో చాలావాటిని రోజుకు ఒక్కసారి, రాత్రిపూట ఇవ్వడానికి వీలున్నది. పగలు వేసుకుంటున్న మాత్రవల్ల పని సాగకపోతే, “దీనిని రాత్రికి మార్చవచ్చునా?” అని డాక్టరును అడగండి. అడగకుండా మార్చకూడదు. ఫ్లూక్సెటిన్, ఆరిపిప్రజోల్ వంటివి కొందరికి నిద్రను చెడగొడతవి గనుక పొద్దుటిపూట ఇస్తారు. అన్నిటినీ కలిపి రాత్రికి నెట్టివేస్తే కొత్త చిక్కు వస్తుంది.

రాత్రి అన్నాం గదా అని పన్నెండింటికి మింగితే లాభం లేదు. ఒలాంజపిన్ మింగిన సుమారు 6 గంటలకు రక్తంలో ఎక్కువ మట్టానికి చేరుతుంది. అర్ధరాత్రి వేసుకున్నవానికి పొద్దున ఆరింటికి, అంటే లేవవలసిన వేళకే, మగత శిఖరానికి చేరుతుందన్నమాట. అదే మాత్రను డాక్టరు అనుమతితో రాత్రి ఎనిమిదింటికి వేసుకుంటే తెల్లవారుజాముకు ఆ పోటు దాటిపోతుంది. తెల్లవారకముందే లేచి నీళ్ళు పట్టుకోవలసిన ఇల్లాలికి, మొదటి షిఫ్టుకు పోవలసిన కార్మికునికి ఈ నాలుగు గంటల తేడా చిన్నది కాదు. మీ ఉద్యోగం ఏమిటో, ఎన్నింటికి లేస్తారో డాక్టరుకు ముందే చెప్పండి. రాత్రి డ్యూటీ ఉన్నవారు తప్పకుండా చెప్పాలి.

రెండవది, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచే పద్ధతి. డాక్టరు “మొదట అర మాత్ర, వారం తరువాత ఒకటి” అని వ్రాస్తే, త్వరగా నయం కావాలన్న ఆత్రంతో మొదటిరోజే ఒకటి మింగకూడదు. అట్లాగే మగత ఎక్కువైందని మాత్రను మనమే విరుచుకోరాదు. కొన్ని మాత్రలు రోజంతా మెల్లగా కరిగేటట్లు చేసినవి. విరిచితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

మూడవది పగటి క్రమం. పొద్దున లేవగానే ముఖం కడుక్కొని వెలుతురులోకి రావాలి. వాకిట్లో పది నిమిషాలు నడిచినా మేలే. మధ్యాహ్నం ఆగలేకపోతే మూడింటిలోపల అరగంట పడుకోవచ్చు. సాయంకాలందాకా పడుకుంటే రాత్రి నిద్ర చెడి మర్నాడు మగత రెట్టింపవుతుంది. పొద్దున ఒకటి రెండు కప్పుల టీ తప్పులేదు గాని, మత్తు వదిలించుకోవాలని గంటకొక గ్లాసు తాగితే అది రాత్రి నిద్రకు ఎసరు పెడుతుంది. క్లోజపిన్ వాడేవారు కాఫీ, టీల అలవాటును ఒక్కసారిగా పెంచినా, తగ్గించినా డాక్టరుకు చెప్పాలి. రక్తంలో ఆ మందు మట్టం మారుతుంది.

బీడీ సంగతి వింటే మీకు వింతగా తోచవచ్చు. పొగాకు పొగ వల్ల ఒలాంజపిన్, క్లోజపిన్‌లు ఒంట్లో త్వరగా ఖర్చయిపోతవి. అందుచేత రోజుకు కట్ట బీడీలు తాగే మనిషి హఠాత్తుగా మానివేస్తే, వేసుకునే మాత్ర అదే అయినా మగత ఎక్కువవుతుంది. బీడీ మానడం మంచిదే, తప్పకుండా మానాలి. మానబోయే ముందు డాక్టరుతో ఒకమాట చెబితే ఆయన మోతాదు సర్దుతాడు.

జాగ్రత్త పడవలసిన చోట్లు

మగత ఉన్నన్నాళ్ళూ బండి నడపకూడదు. మోటారుసైకిలు, ఆటో, ట్రాక్టరు అన్నీ ఇందులోకే వస్తవి. తిరిగే యంత్రం దగ్గర, బావిగట్టు మీద, నిచ్చెన మీద పని పెట్టుకోరాదు. గోదావరి స్నానానికి తోడు లేకుండా పోరాదు. స్త్రీలు పొయ్యి దగ్గర కొంగు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. వీలైతే ఆ రెండు వారాలు వంటపని మరొకరు అందుకోవాలి. చంటిపిల్ల తల్లి మందు వేసుకున్న రాత్రి బిడ్డను తన పక్కలో పడుకోబెట్టుకోరాదు; మగతలో ఒత్తిగిలితే ప్రమాదం. బిడ్డ బాధ్యత అమ్మమ్మో, నాయనమ్మో, తండ్రో చూసుకోవాలి.

ఈ మందులలో కొన్ని రక్తపోటును తగ్గిస్తవి. పడుకున్నవారు గభాలున లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతవి. మొదట లేచి కూర్చొని, ఒక నిమిషం ఆగి, తరువాత నిలబడాలి. ముసలివారి విషయంలో ఇది ప్రాణసమానమైన జాగ్రత్త. రాత్రి మూత్రానికి లేచి పడితే తుంటి విరుగుతుంది. మంచం పక్కన దీపం, చేతికి అందేటట్లు కర్ర, నడిచే దారిలో సామాను లేకుండా చూడడం: ఈ మూడూ మాత్రతోపాటే ఏర్పాటు చేయాలి.

మందుకు మందు తోడైతే మగత పెరుగుతుంది. దుకాణంలో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రలు, దగ్గు మందులు, సారా ఏదీ ఈ రోజుల్లో తగదు. కల్లు సంగతి వేరే చెప్పాలి. పొరుగున నిజామాబాదు ప్రాంతంలో అమ్మే కల్తీకల్లులో డయజిపాం, ఆల్ప్రజోలాం, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలుపుతారన్నది రహస్యం కాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీకల్లు మీద దాడులు చేసినప్పుడు, అది దొరకక చేతులు వణికి, మతి చెదిరి ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. పెళ్ళికో, పండుగకో సరిహద్దు దాటి వెళ్ళిన మన రోగి “చెట్టు నీళ్ళే గదా” అని రెండు సీసాలు తాగితే, తెలియకుండానే రెండింతల మత్తు మింగినట్లు. ఊపిరికే మోసం రావచ్చు. కల్లు అలవాటున్నవారు ఆ మాట డాక్టరు దగ్గర దాచకూడదు.

ఇక మన మరాఠ్వాడా ఎండలు. మే నెలలో 42 డిగ్రీలు దాటే రోజులు మన కలవాటే. ఈ మందులలో కొన్ని చెమటను తగ్గిస్తవి. ఒంటి వేడి బయటకు పోదు. మగతలో దాహం కూడా తెలియదు. కాబట్టి ఎండపొద్దున నీళ్ళు, మజ్జిగ ఇంటివారే గుర్తుచేసి ఇవ్వాలి. లిథియం వాడేవారికి ఇది మరీ ముఖ్యం. ఒంట్లో నీరూ, ఉప్పూ తగ్గితే లిథియం రక్తంలో పేరుకొని విషమవుతుంది. నీళ్ళు ముట్టని ఉపవాసాలు, విరేచనాలు, ఒళ్ళునొప్పులకు తామే తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వీరికి పనికిరావు.

మరాఠీ డాక్టరుకు తెలుగు మగత

ఇది మన నాందేడు తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కు. మన పిల్లలు మరాఠీలో చదువుకున్నవారు. వారికి ఇబ్బంది లేదు. కాని ఇంట్లో తెలుగు తప్ప తెలియని పెద్దమ్మలు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మాటలే మోసం చేస్తవి. రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించే మాటలు మరీ మోసం చేస్తవి.

“సుస్తీగా ఉంది” అని మన మంటే ఒంట్లో బాగాలేదని. మరాఠీలో సుస్తీ అంటే బద్ధకం, మందకొడితనం. “నీరసం” అంటే మనకు ఒంట్లో బలం లేకపోవడం; మరాఠీలో నీరస్ అంటే చప్పగా, విసుగ్గా ఉన్నదని. ఆ బలహీనతకు వారు అశక్తపణా అంటారు. “అస్వస్థత” అంటే మనకు జబ్బు. వారికి అస్వస్థ్ అంటే మనసు కుదురు లేక అల్లాడడం. ఈ మూడు మాటలు తారుమారైతే డాక్టరు ఒక బాధకు మరొక బాధ అనుకుంటాడు.

మగతకు మరాఠీ మాట గుంగీ. “దివసా ఝోప్ యేతే” అంటే పగలు నిద్ర వస్తున్నదని. కళ్ళు తిరగడానికి చక్కర్; ఈ మాట మన తెలంగాణ వారికి కొత్తది కాదు. ఈ నాలుగు ముక్కలు నేర్చుకొని పోతే చాలు. వీలైతే రెండు భాషలూ తెలిసిన ఇంటిమనిషిని వెంట తీసుకుపోవాలి. ఆ మనిషి రోగి చెప్పినది చెప్పాలి గాని, తన అభిప్రాయం కలిపి చెప్పకూడదు.

ఇంకొక తేడా డాక్టరుకు విడమరచి చెప్పవలసినది ఉన్నది. కొందరు మందు మొదలైన రోజుల్లో తూగడానికి బదులు కూర్చోలేరు, నిలువలేరు; కాళ్ళు ఆడిస్తూ ఇల్లంతా తిరుగుతారు. ఇంటివారు “జబ్బు ముదిరింది” అనుకుంటారు. చాలాసార్లు అది జబ్బు కాదు, మందువల్ల కలిగిన కుదురులేమి. దానికి వేరే చికిత్స ఉన్నది. ఆలస్యం చేయకుండా చెప్పాలి.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మాత్ర ఎన్నింటికి వేసుకున్నదీ, ఎన్నింటికి నిద్ర పట్టినదీ, ఎన్నింటికి లేచినదీ, పగలు ఎంతసేపు తూగినదీ రోజుకొక వరుస వ్రాయండి. ఏ భాషలో వ్రాసినా అంకెలు అంకెలే. పదిహేనురోజుల తరువాత ఆ పుస్తకం చూస్తే మగత తగ్గుతున్నదో, లేదో డాక్టరుకు ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఆగకుండా ఆసుపత్రికి పోవలసినప్పుడు

మామూలు మగతలో ఉన్న మనిషి పిలిస్తే పలుకుతాడు. కుదిపినా లేవకపోయినా, ఊపిరి మెల్లగా, గురకతో అందీ అందనట్లు ఉన్నా అది నిద్ర కాదు. తీవ్రమైన జ్వరంతో ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయినా, స్పృహతప్పి పడిపోయినా, లిథియం వాడే మనిషికి వాంతులై చేతులు బలంగా వణికి నడక తూలినా తెల్లవారేదాకా ఆగరాదు. క్లోజపిన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు చూపించాలి, రక్తపరీక్ష అవసరం.

దిగులు జబ్బుకు మందు మొదలైన తొలివారాలలో, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వారిలో, చనిపోవాలనే ఆలోచనలు ఎక్కువ కావచ్చు. అటువంటి మాట ఒక్కటి వినబడినా ఒంటరిగా వదలవద్దు. మాత్రల డబ్బా ఇంటివారి చేతిలో ఉండాలి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ అనే ఉచిత టెలిఫోను సేవ నంబరు 14416. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనూ, మరాఠీలోనూ మాట్లాడవచ్చు.

ఇంటివారికి ఒక మనవి

మన పురాణకథల్లో నిద్రకు పేరుపడ్డవారు ఇద్దరు. కుంభకర్ణుడు తిండిపోతు, నిద్రపోతు అని నవ్వుతాం. కాని లక్ష్మణుడు అడవిలో మేలుకొని ఉన్న పద్నాలుగేళ్ళూ ఇక్కడ నిద్రపోయిన ఊర్మిళాదేవిని ఎవరైనా బద్ధకస్తురాలన్నారా? మన అమ్మమ్మలు ఆమె నిద్ర మీద పాటే పాడుకున్నారు. ఆ నిద్ర ఆమె కోరి తెచ్చుకున్న సుఖం కాదని వారికి తెలుసు. మందు వేసుకున్న మనిషి నిద్ర కూడా ఆ జాతిదే.

కాబట్టి అత్తగారలకు, తోడికోడళ్ళకు, అన్నదమ్ములకు మనవి. “పొద్దెక్కినా లేవదు, మహారాణి” అన్న ఒక్కమాట చాలు, ఆ అమ్మాయి ఆ రాత్రినుంచే మాత్రను దిండు కింద దాచివేయడానికి. దానికి బదులు “రాత్రి ఎన్నింటికి వేసుకున్నావమ్మా?” అని అడగండి. ఆ నెలరోజులు ఇంటిపని నలుగురూ పంచుకోండి. పనిచేసేచోట నాలుగు రోజులు సెలవో, తేలికైన పనో అడగండి; కారణం అందరికీ చెప్పవలసిన పని లేదు. గర్భవతి అయినా, కాదలచినా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పించండి. కొన్ని మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తవి.

రోగులకు కూడా ఒక మనవి. మందు మానాలని బుద్ధి పుట్టిన రోజున మానవద్దు. ఆ రోజునే డాక్టరును కలవండి. “ఈ మగతతో నా పని సాగడం లేదు, ఏమి చేద్దాం?” అని నిస్సంకోచంగా అడగండి. అలా అడిగితే ఆయన కోపగించుకుంటాడని భయపడవద్దు. చెప్పకుండా మానివేసిన రోగికంటె, చెప్పి విసిగించే రోగికి వైద్యం చేయడమే ఆయనకు సులభం. మందు తెచ్చిన రోజునే ఇంట్లోని క్యాలెండరు మీద మళ్ళీ చూపించుకోవలసిన తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీయండి. అంతవరకు ఇల్లంతా కలిసి ఆ మనిషికి తోడు నిలవాలి.